తాయిలం ముందు పదిహేను నిమిషాలు

నాలుగేళ్ళ పిల్లవాణ్ణి ఒక చిన్న గదిలో కూర్చోబెట్టారు. ఎదుట బల్లమీద తాయిలం, పక్కన ఒక గంట. “నేను తిరిగి వచ్చేదాకా ఆగితే రెండు ఇస్తాను. ఆగలేకపోతే గంట వాయించు, వెంటనే వస్తాను. కాని అప్పుడు ఒక్కటే” అని చెప్పి పరిశోధకుడు వెళ్ళిపోయాడు. 1960ల చివరి సంవత్సరాలలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన బింగ్ శిశువిద్యాలయంలో ఇట్టి ప్రయోగాలు ఆరంభమైనాయి. త్రాసు లేదు, గాజు నాళికలు లేవు. కాలం కొలిచే గడియారమే ముఖ్యమైన పరికరం.

ఈ ప్రయోగాలు నడిపినవారు వాల్టర్ మిషెల్. ఆయన 1930లో వియన్నాలో జన్మించారు. 1938లో నాజీలు ఆస్ట్రియాను ఆక్రమించగా ఆ కుటుంబం ప్రాణాలు దక్కించుకొని అమెరికా చేరింది. 1950లలో ఆయన ట్రినిడాడ్ ద్వీపంలో కొంతకాలం ఉన్నారు. అక్కడి భారత సంతతివారు ఆఫ్రికా సంతతివారిని చూపి, “వీరికి నేటి సుఖమే తప్ప రేపటి చింత లేదు” అనేవారు. “డబ్బు పరుపుకింద దాచుకోవడమే గాని వీరికి బ్రతకడం తెలియదు” అని అవతలివారి జవాబు. మిషెల్ ఇరుపక్షాల మాటలూ విని ఊరుకోక, పిల్లలకు రెండు మిఠాయిలు చూపారు. చిన్నది ఇప్పుడే, లేదా పెద్దది వారం తరువాత. తండ్రి ఇంట లేని పిల్లలు చిన్నదానివైపే ఎక్కువగా మొగ్గారు. 1958లో అచ్చయిన ఈ ఫలితం వల్ల, జాతిగుణమని జనం తేలికగా అనేసే దానికి వేరొక కారణం ఉండవచ్చునని తోచింది. రేపు ఇస్తానన్న మనిషి రేపు వస్తాడన్న నమ్మకం ఉంటేనే గదా ఎవరైనా ఆగేది!

బింగ్ పిల్లలతో మిషెల్, ఎబెసన్ కలిసి చేసిన ప్రయోగం 1970లో వెలువడింది. పిల్లలు 32 మంది. తాయిలం కనబడుతుంటే దాని ఆశతో పిల్లలు ఓపిక పడతారని పరిశోధకులు ముందుగా ఊహించారు. జరిగింది తలక్రిందులు. ప్రతిఫలాలు రెండూ ఎదుట ఉన్నప్పుడు పిల్లలు సగటున ఒక నిమిషమే ఆగారు. రెండూ కనబడనప్పుడు పదకొండు నిమిషాలకు పైగా. ఆగిన పిల్లలు ఏమి చేశారన్నది ఇంకా రుచికరమైన సంగతి. చేతులతో కళ్ళు మూసుకున్నారు, పాటలు పాడుకున్నారు, తమతో తామే మాట్లాడుకున్నారు, కొందరు నిద్రపోవడానికి ప్రయత్నించారు. అంటే వారు పళ్ళు బిగపట్టి కోరికతో కుస్తీ పట్టలేదు, దానినుంచి తప్పుకున్నారు.

1975లో వెలువడిన ప్రయోగంలో ఈ ఉపాయాన్ని పరిశోధకులే పిల్లలకు అందించారు. మార్ష్‌మలో అనే తెల్లని, దూదివలె మెత్తని మిఠాయిని మేఘంగా తలచుకోమన్నప్పుడు పిల్లలు చాలాసేపు ఆగారు. అది ఎంత తియ్యగా ఉంటుందో తలచుకోమన్నప్పుడు ఓపిక త్వరగా సడలింది. వస్తువు అదే, మనస్సులో దాని రూపమే మారింది.

మిషెల్ స్వయంగా విపరీతంగా పొగత్రాగేవారు. హానికరమని తెలిసీ మానలేదు. ఒకనాడు ఆస్పత్రిలో, కిరణచికిత్సకు తీసుకుపోతున్న కేన్సర్ రోగిని చూశారు. ఆ తరువాత సిగరెట్టు కావాలనిపించినప్పుడల్లా ఆ దృశ్యాన్ని గుర్తుకు తెచ్చుకుని, ఆ అలవాటు విడిచారు. పిల్లలకు తాయిలాన్ని చల్లబరచిన మనిషి, తన విషయంలో దూరాన ఉన్న కీడును వేడెక్కించుకున్నాడన్నమాట.

ఆ పిల్లలు పెద్దవారైన తరువాత 164 మందిని పరిశీలించగా, చిన్ననాడు ఆగిన ప్రతి అదనపు నిమిషానికీ, ఎత్తునుబట్టి బరువును తెలిపే సూచిక సుమారు 0.2 తగ్గి కనిపించిందని 2013లో ప్రకటించారు. పత్రికలు ఇట్టి ఫలితాలను జాతకచక్రాలుగా చేసి పారేశాయి. అది తొందరపాటే. బింగ్ పిల్లలలో చాలామంది విశ్వవిద్యాలయానికి సంబంధించిన కుటుంబాలవారు. 2018లో వాట్స్, డంకన్, క్వాన్ అనేవారు 900 మందికి పైగా పిల్లల వివరాలు పరిశీలించారు. పదిహేనవ ఏట చదువుతో ఈ ఓపికకుగల సంబంధం మునుపటి అధ్యయనంలో కనిపించిన దానిలో సగమే తేలింది. కుటుంబ స్థితిగతులనూ, పిల్లల తొలినాటి తెలివితేటలనూ లెక్కలోకి తీసుకుంటే అందులోనూ మూడింట రెండువంతులు తగ్గిపోయింది.

అయితే ఆత్మనిగ్రహానికీ ఆరోగ్యానికీ పొత్తు లేదా? న్యూజీలండులోని డ్యునెడిన్ నగరంలో 1972-73లో పుట్టిన వేయిమందికి పైగా పిల్లలను ఏళ్ళ తరబడి గమనించారు. ఇక్కడ ఆధారం ఒక్కపూట తాయిలం కాదు. మూడవ ఏటి నుంచి పదకొండవ ఏటి వరకు తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పరిశీలకులు ఇచ్చిన అంచనాలు. నిగ్రహం తక్కువైన పిల్లలకు 32వ ఏట చిగుళ్ళ వ్యాధి వంటి రుగ్మతలు, మాదకద్రవ్యాల బెడద అధికంగా కనిపించాయి. కుటుంబపు ఆర్థికస్థితిని, తెలివితేటలను పరిగణించినా ఈ తేడా నిలిచిందని 2011లో తెలిపారు.

ట్రినిడాడ్‌లో తలెత్తిన నమ్మకం ప్రశ్నను 2013లో రోచెస్టర్ విశ్వవిద్యాలయంవారు సూటిగా పరీక్షించారు. మంచి రంగులు తెస్తానని పిల్లలకు ముందు మాట ఇచ్చారు. సగంమందికి తెచ్చారు. మిగిలినవారికి “క్షమించండి, లేవు” అన్నారు. ఆ తరువాతనే మిఠాయి పరీక్ష. మాట నిలుపుకున్న మనిషి ఎదుట పిల్లలు సగటున పన్నెండు నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి కోసం ఆగింది మూడు నిమిషాలే.