హాజరుపట్టీలో నా పేరు

డిగ్రీలో రెండో భాష తప్పనిసరి. ఏ భాష తీసుకోవాలన్నది మాత్రం మన ఇష్టం. నేను తెలుగు తీసుకున్నాను. పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివిన సాయిబుల పిల్లగాడు డిగ్రీలో తెలుగు తీసుకోవడం మా కాలేజీలో చిన్న వింతే. మొదటి రోజు హాజరు పిలుస్తూ తెలుగు లెక్చరర్ నా పేరు దగ్గర ఆగారు. కళ్లజోడు పైనుంచి చూసి, "ఏం ఖాన్‌సాబ్, దారి తప్పావా? ఉర్దూ క్లాసు పక్క గదిలో" అన్నారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా నవ్వుతారని భయం.

ఆ ఏడాదంతా అదే వరస. నన్ను లేపి పాఠం చదివించేవారు. మా ఇంటి ఉర్దూలో 'ళ' లేదు, 'ణ' లేదు. 'కళ్లు' అనబోతే నా నోట 'కల్లు' వచ్చేది. "కల్లు మీ వాళ్లకు హరామ్ కదయ్యా" అని ఆయన, మళ్లీ నవ్వు. మూడు నెలలయ్యేసరికి వెనక బెంచీకి వెళ్లిపోయాను. ఇష్టపడి తీసుకున్న భాష నాకు ముప్పయ్యయిదు మార్కుల లెక్కగా మిగిలింది.

చాలాకాలం ఇది నా ఒక్కడి గోడు అనుకున్నాను. పత్రికలో చేరి హైదరాబాద్ చదువుల చరిత్ర చదివాక తెలిసింది. ఈ క్లాసు నాకంటే ముందునుంచీ నడుస్తోంది. బెంచీల మీద కూర్చున్నవాళ్లు మారారు, అంతే.

1917లో ఫర్మానా వచ్చింది, 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఉన్నత విద్య మొత్తాన్ని ఇంగ్లీషులో కాకుండా ఒక దేశభాషలో చెప్పాలన్న సాహసం అది. అందుకోసం దారుల్ తర్జుమా పెట్టి శాస్త్ర గ్రంథాలను ఉర్దూలోకి మార్చారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ లాంటివారు ఆ పనికి నడుం కట్టారు. బోధనంతా ఉర్దూలో. ఇంగ్లీషు అందరికీ తప్పనిసరి. ముస్లిం విద్యార్థులకు దీనియాత్, తక్కినవారికి అఖ్లాఖియాత్, అంటే నీతిశాస్త్రం.

ఈ చరిత్ర చెప్పేటప్పుడు మా పెద్దల ఛాతీ ఉప్పొంగుతుంది. ఉప్పొంగవలసిందే. కాని ఒక మాట మనమే ఒప్పుకోవాలి. ఆ సంస్థానంలో ఎక్కువమంది ఇళ్లలో తెలుగు, తర్వాత మరాఠీ, కన్నడం. ఏ తెలంగాణ పల్లెనుంచో వచ్చిన పిల్లవాడికి ఆ గదిలో ఉర్దూ, నాకు తెలుగు ఎంత పరాయిదో అంత పరాయిది. వాడి నోట 'ఖ' సరిగా పలక్కపోతే నవ్వినవాళ్లు ఉండే ఉంటారు. ఆ నవ్వు మనవాళ్లదే.

ఇంకో సంగతీ ఉంది. ఉర్దూ వచ్చిన మాకూ ఆ ఉర్దూలో పూర్తి చోటు లేదు. ఉత్తరాది ఉర్దూవాళ్ల చెవికి మా దక్కనీ మోటు భాష. 'ఖాఫ్' అక్షరాన్ని హైదరాబాదీలు 'ఖ' అని పలకడం మీద హాస్యాలు ఇప్పటికీ నడుస్తున్నాయి. ఇలాంటి వాతావరణంలోనే ఉస్మానియాలో చదివి, అక్కడే ఉర్దూ ఆచార్యుడైన సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ మీ భాష మోటుది కాదన్నారు. మాటతో సరిపెట్టుకోలేదు. 1931లో ఇదారె అదబియాతె ఉర్దూ స్థాపించారు. గోల్కొండ సుల్తాన్ మహమ్మద్ కులీ కుతుబ్‌షా దక్కనీ కవిత్వాన్ని పరిష్కరించి 1940లో అచ్చు వేయించారు. ఎగతాళికి ఒక ఉపాధ్యాయుడు చెప్పిన జవాబు అది.

తెలుగువైపు చూడండి. దాశరథి నిజాం రాజ్యం మీద పోరాడి జైలుకు వెళ్లారు. అదే దాశరథి 1961లో గాలిబ్‌ను తెలుగు చేశారు. సామల సదాశివ అమ్జద్ హైదరాబాదీ రుబాయీలను తెలుగులోకి తెచ్చారు. ఉర్దూ మాధ్యమంలో చదువుకున్న సి.నారాయణరెడ్డి అదే ఉస్మానియాలో తెలుగు ఆచార్యుడయ్యారు. ఫర్మానా మనిషిని క్లాసు దాకా తీసుకొస్తుంది. ప్రేమను తీసుకురాలేదు. అది ఎవరో ఒక మనిషి ఇవ్వవలసిందే.

1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది. ఆ తర్వాత ఉస్మానియా బోధన ఇంగ్లీషులోకి మారింది. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కొలువు కావాలంటే తెలుగు కావాలి. నిన్న పాలించిన భాష ఇవాళ పక్క గదిలోకి వెళ్లింది. మా తాతలు చదివిన చదువు మా నాన్నలకు పనికిరాలేదు. సైకిల్ షాపులో పంక్చర్లు వేసే మా అబ్బా నన్ను తెలుగు తీసుకోమన్నది అందుకే. "బేటా, దఫ్తర్‌లో కాగితం చదవడం రావాలి. నాలాగా ఇంకొకణ్ని బతిమాలకు" అన్నాడు. అలాంటి ఇంటినుంచి వచ్చినవాణ్ని మొదటి రోజే పక్క గదికి పొమ్మంటే అది హాస్యం ఎట్లా అవుతుంది?

రెండో ఏడు, 1999లో, ఆ లెక్చరర్ బదిలీ అయ్యారు. ఆయన స్థానంలో ఒక మేడమ్ వచ్చారు. హాజరు పిలుస్తూ ఆవిడా నా పేరు దగ్గర ఆగారు. నా గుండె జారింది. "నీ పేరులో ఈ 'ఖ' గొంతులోంచి రావాలి కదా, ఒకసారి పలుకు, నేర్చుకుంటాను" అన్నారు. పలికాను. ఆవిడ రెండుసార్లు తప్పి, మూడోసారి సరిగా అన్నారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఒకరోజు ఆవిడ క్లాసును అడిగారు. సంస్కృతం కలపకుండా అచ్చతెలుగులో రాసిన మొదటి కావ్యం ఏది? పొన్నగంటి తెలగనార్యుడి 'యయాతి చరిత్ర' అని ముందు బెంచీలో ఎవరో చెప్పారు. "దాన్ని అంకితం పుచ్చుకున్నదెవరు?" అంటే అందరూ నోరు మూశారు. ఆవిడ బోర్డు మీద రాశారు: పటాన్‌చెరువు అమీన్‌ఖాన్. గోల్కొండ ఇబ్రహీం కుతుబ్‌షా కొలువులోని అధికారి. ఆ ఇబ్రహీమే అద్దంకి గంగాధరకవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితం పుచ్చుకున్న తెలుగు ప్రియుడు. తర్వాత పక్కనే ఇంకో వరస రాశారు. జమీను, ఖరీదు, వకీలు, జవాబు, దస్తావేజు, రైతు, జిల్లా. "ఇవి తీసేసి మీ ఊరి గురించి పది వాక్యాలు రాయండి" అన్నారు. ఎవరికీ సాగలేదు.

నాకు ఆ రోజు తెలిసింది పాఠం మాత్రమే కాదు. ఈ భాషలోకి నేను ఎవరి దయవల్లో రాలేదు, నాలుగు వందల ఏళ్లుగా ఇందులోనే ఉన్నానని తెలిసింది. అంతకు ముందటేడు, 1998లో వెలువడిన ముస్లిం కవుల సంకలనం 'జల్‌జలా'ను ఆవిడే నా చేతిలో పెట్టారు. నేను రాసిన మొదటి తెలుగు వ్యాసం దిద్దిందీ ఆవిడే. 'ళ' తప్పులకు ఎర్రసిరా చుట్టారు, ఒక్కటీ వదల్లేదు. తప్పు దిద్దడం వేరు, తప్పును పట్టుకుని మనిషిని బోనులో నిలబెట్టడం వేరు.

సెక్యులర్ మిత్రులకు ఒక మాట. ఎగతాళి ఒక్కటే తలుపు మూయదు. "అచ్చం మనవాడిలా మాట్లాడుతున్నావే" అని మెచ్చుకున్న మాస్టార్లూ నాకు తగిలారు. ఆ 'మన'లో నేను లేనని ఆ మెప్పే చెప్పింది.

మా వాళ్లకూ ఒక మాట. దూదేకుల ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. ఉర్దూ రాని ఆ పిల్లల్ని "మీరేం ముసల్మానులు" అని మన ఉస్తాదులే అనగా నేను విన్నాను. అప్పుడు నాకు నా మొదటి ఏడాది తెలుగు క్లాసే గుర్తొచ్చింది.

ఇష్టమైన ఐచ్ఛిక విషయానికి విద్యార్థి తనే వస్తాడు. తప్పనిసరి క్లాసు అట్లా కాదు. బీయే, బీకాం, బీయస్సీ, అన్ని కులాలూ అన్ని మతాలూ ఒకే గదిలో కూర్చునేది అక్కడే. అక్కడ మాస్టారు ఒకరి మీద వేసిన ఎత్తిపొడుపు మిగతా యాభైమందికి పాఠమవుతుంది. ఎవరు మనవాళ్లో ఎవరు కాదో వాళ్లు అక్కడే నేర్చుకుంటారు. 2018లో తెలంగాణ ప్రభుత్వం పదో తరగతి దాకా తెలుగు తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చింది. నాకు అభ్యంతరం లేదు. కాని పిల్లవాడు బెంచీ మీద కూర్చున్నాక అతనితో ఎలా మాట్లాడాలో ఏ చట్టమూ రాయదు.

ఇప్పుడు నా కూతురు ఇంటర్‌లో తెలుగు తీసుకుంది. మొదటి రోజు కాలేజీనుంచి రాగానే వాళ్లమ్మ ఏం తిన్నావని అడిగింది. నేను మాత్రం, హాజరులో నీ పేరు ఎలా పిలిచారని అడిగాను.