ఉక్కు కోనసముద్రానిది, సంతకం ఇస్ఫహాన్‌ది

మంచిర్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి పట్టుకుని పడమటికి వెళ్తే లక్సెట్టిపేట, ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి దాటాక కమ్మర్‌పల్లి వస్తుంది. కోనసముద్రం దానికి దగ్గర్లోనే ఉంది. ఒకరు గీసిన కత్తి రూపాన్ని ఇంకొకరు దింపుకోవచ్చా, దింపుకుంటే ఎంతవరకు, దానిమీద ఎవరి పేరు వేయాలి అనే తగవు ఇవాళ ఆర్డరు మీద కత్తులు చేసేవాళ్లలో గట్టిగానే నడుస్తోంది. ఇదేదో అమెరికా నుంచి దిగిన కొత్త పంచాయితీ అనుకుంటాం. కత్తి నకలు చరిత్ర రాయడానికి కూచుంటే మాత్రం ఈ రోడ్డు దగ్గరే మొదలుపెట్టాలి.

హెన్రీ వాయిసీ అనే వైద్యుడు కర్నల్ లాంబ్టన్ సర్వే బృందంలో భూగర్భ శాస్త్రజ్ఞుడిగా పనిచేశాడు. 1824లో చనిపోయాడు. కోనసముద్రంలో తను చూసిన ఉక్కు తయారీ మీద ఆయన రాసిపెట్టుకున్నది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులో పని వరస మొత్తం ఉంది. శిథిలమైన నల్లరాతి మట్టి, పాత కొలిమి పెళ్లలు, పగిలిన మూసల పొడి, వరి ఊక, కాస్త నూనె కలిపి పిసికి మూసలు చేస్తారు. రెండు రకాల ఇనుము తీసుకుంటారు. మిర్ట్‌పల్లి అని ఆయన రాసుకున్న ఊరి ఇనుము మూడు పాళ్లు, కొండాపూర్ ఇనుము రెండు పాళ్లు. మూసలో బొగ్గు వేయరు, పాత గాజు చిట్టెం ముక్కలు మాత్రం వేస్తారు. తోలు తిత్తులు ఒక పగలూ ఒక రాత్రీ ఆగకుండా ఊదుతాయి. చల్లారాక మూస పగలగొడితే ఉక్కు బిళ్ల బయటపడుతుంది. అది అప్పటికి పెళుసుగా ఉంటుంది. దానికి మట్టి పూసి మళ్లీ కొలిమిలో పన్నెండు నుంచి పదహారు గంటలు ఉంచుతారు, తీసి చల్లారుస్తారు, మళ్లీ పెడతారు. సుత్తెకు లొంగేదాకా ఇలా నాలుగుసార్ల వరకు చేస్తారు.

ఆ కొలిమి దగ్గర వాయిసీకి ఒక పెర్షియన్ కనిపించాడు. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుసేన్. ఇరవై ఏళ్ల కిందట ఒకసారి వచ్చి ఉక్కు కొనుక్కుపోయాడు, మళ్లీ వచ్చాడు. ఇనుము తూకం వేసేటప్పుడు పక్కనే నిలబడతాడు, కాలి చల్లారిన బిళ్ల సాగుతుందో లేదో తనే పరీక్షించుకుంటాడు. ఈ ఊరూ, ఇక్కడి పద్ధతీ తమ దేశంలో అందరికీ తెలుసనీ, అక్కడ ఇలాగే చేయబోయి విఫలమయ్యారనీ ఆయనే వాయిసీతో చెప్పాడు.

నా లెక్కలో ఆ మాట చాలా విలువైనది. నకలు చేయబోయి ఓడిపోయామని చెప్పుకున్న వ్యాపారులు చరిత్రలో ఎక్కువమంది దొరకరు. అంతకన్నా ముఖ్యం, కోనసముద్రం వాళ్లు ఆయన్ని కొలిమి దగ్గరికి రానిచ్చారు. పాళ్లు దాచలేదు. చూసుకో, చేసుకో, చేతనైతే. పద్ధతి దొంగిలించడం అనే ఊహే ఆ కొలిమిలో ఉన్నట్టు లేదు. రహస్యం చేతిలో ఉందో మట్టిలో ఉందో వాళ్లకీ పూర్తిగా తెలియదు. హాజీ సంగతికొస్తే ఆయన పద్ధతి అడిగాడు, సరుకు కొన్నాడు, ధర చెల్లించాడు. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు.

ఫిర్యాదు ఉన్నది తర్వాతి మెట్టు మీద. గోల్కొండ రాజ్యం నుంచి పెర్షియాకు పోయే ఉక్కు గురించి పదిహేడో శతాబ్దపు ఫ్రెంచి వ్యాపారి తవెర్నియే రాశాడు. చిన్న రొట్టెంత బిళ్ల, రెండుగా కోస్తే సగానికో కత్తి. నీటి అలల్లాంటి మెరుపు తేలేది ఆ ఉక్కుమీదేనని కూడా రాశాడు. 1660ల్లో ఈ దారిన వెళ్లిన యాత్రికుడు తెవెనో ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు తయారై దేశమంతా అమ్ముడుపోతాయని చెప్పాడు. కోనసముద్రం బిళ్లమీద గుర్తు లేదు, పేరు లేదు. ఇస్ఫహాన్‌లో అది కరవాలమైనప్పుడు దానిమీద బంగారు తీగతో సంతకం పొదిగారు. అన్నిటికన్నా పేరుమోసిన సంతకం అసదుల్లా ఇస్ఫహానీది. ఆ సంతకం ఉన్న కత్తుల మీది తేదీలు ఒక మనిషి ఆయుష్షులో ఇమడవు. అంటే ఆ పేరు పలికే ధర చూసి, ఆయన తర్వాత తరాలవాళ్లు కూడా దాన్ని వేసుకుంటూ పోయారు. ఐరోపావాళ్లు వచ్చి మొత్తానికి డమాస్కస్ అని పేరు పెట్టారు. ఉక్కు తెలంగాణది, సంతకం ఇస్ఫహాన్‌ది, అదీ చాలావరకు దొంగ సంతకం, ఊరి పేరేమో సిరియాది. ఉత్తర ఐరోపాలో తొమ్మిదో శతాబ్దం నుంచి ఉల్ఫ్‌బెర్త్ అనే పేరు చెక్కిన కత్తులకూ ఇదే గతి పట్టింది. వాటిలో కొన్ని మేలిమి ఉక్కువి, చాలావి నాసి ఇనుముమీద ఆ అక్షరాలే తప్పుల తడకగా చెక్కినవి.

రూపం విషయంలో మాత్రం మన పల్లె కమ్మరి ఎవరితోనూ తగవు పడలేదు. ఆ అవసరం లేకపోయింది. ఏ ఊరి కమ్మరికి ఆ ఊరి రైతులు ఉండేవాళ్లు. నాగలి కర్రు, గొడ్డలి, కొడవలి చేసి, సాగదీసి ఇచ్చినందుకు పంట కళ్లంలో గింజలు కొలిచి ఇచ్చేవాళ్లు. ఆ హక్కు తండ్రి నుంచి కొడుక్కు వచ్చేది. పక్క ఊరి కమ్మరి మీ ఊరి రైతు కొలిమి పని పట్టుకుపోతే గొడవ, మీ కొడవలి వంపు చూసి అలాగే వంచుకుంటే గొడవేముంది? వంపు రైతు చేతిది, పంటది. వరి కోసే కొడవలికి కక్కులు కావాలి, గడ్డి కోసేదానికి అక్కర్లేదు. కల్లుగీత కత్తి పలచగా, వెడల్పుగా ఉండాలి, తాటి మువ్వను పొరలు పొరలుగా చెక్కాలి కనుక. ఈ రూపాలు వందల ఏళ్లు ఎవరి పేరూ లేకుండా నడిచాయి. ఇప్పటికీ మంచిర్యాల చుట్టుపక్కల కొలిముల్లో లారీ కమాన్‌పట్టీ ముక్క ఎర్రగా కాల్చి దాగలి మీద వేశాక వచ్చేది తాత నాటి వంపే.

వాయిసీ కన్నా ముందే మన దేశపు మూస ఉక్కు లండన్ చేరింది. బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ పంపిన బిళ్లల్ని పరీక్షించి 1795లో జార్జ్ పియర్సన్ రాయల్ సొసైటీకి నివేదించాడు. పదేళ్లకు డేవిడ్ ముషెట్ తన ప్రయోగాలు ప్రకటించాడు. తర్వాత మైకేల్ ఫారడే దిగాడు. తండ్రి కమ్మరి కావడం వల్లనో ఏమో ఆయనకు ఈ పనిమీద ప్రత్యేకమైన మమకారం ఉండేది. శస్త్రచికిత్స కత్తులు చేసే జేమ్స్ స్టోడార్ట్‌తో కలిసి, రహస్యం అల్యూమినియంలో ఉందనుకుని పొరబడ్డాడు. తర్వాత ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం కలిపి చూశాడు. ఆ ప్రయోగాల పుణ్యమా అని వెండి ఉక్కు అనే పేరు బజార్లో మిగిలిపోయింది, ఇవాళ ఆ పేరుతో అమ్మేదాంట్లో వెండి ఉండదు. పారిస్ టంకసాలలో బ్రెయాన్ అసలు గుట్టు కర్బనంలో ఉందని పట్టుకున్నాడు. ఉరల్ కొండల్లోని జ్లతోఉస్త్‌లో పావెల్ అనోసోవ్ పదేళ్లకు పైగా శ్రమించి 1841లో తన ఫలితాలు అచ్చువేశాడు.

వీళ్లంతా చేసింది నకలే. కానీ ఒక తేడా గమనించాలి. ఫలానా దేశపు ఉక్కును అర్థం చేసుకోబోతున్నామని ముందే చెప్పారు, దాన్ని తమ సరుకు అనలేదు. అదే ఇంగ్లండ్‌లో కత్తుల వ్యాపారం మాత్రం గుర్తుల మీద ఎప్పుడూ పట్టు విడవలేదు. షెఫీల్డ్‌లో కత్తులవాళ్ల సంఘం 1624లోనే పార్లమెంటు చట్టంతో ఏర్పడింది. ఎవరి ముద్ర వాళ్లదిగా నమోదు చేయడం దాని పని. పంతొమ్మిదో శతాబ్దంలో జర్మనీవాళ్లు చవక కత్తుల మీద షెఫీల్డ్ పేరు వేసి అమ్ముతున్నారని అక్కడ గగ్గోలు పుట్టింది. ఆ ఒత్తిడితో వచ్చిన 1887 చట్టం విదేశీ సరుకు మీద పుట్టిన దేశం పేరు ఉండాలంది. ఆ షెఫీల్డ్ కొలిములే అప్పటికి కాలువలా పారిస్తున్న చవక ఉక్కు కింద కోనసముద్రం కొలిములు ఆరిపోయాయి. వాటికి సంఘం లేదు, ముద్ర లేదు, గగ్గోలు పెట్టడానికి పార్లమెంటు అసలే లేదు. ఊళ్ల చివర చిట్టెం కుప్పలూ, మూస పెంకులూ మిగిలాయి. థెల్మా లో అనే పరిశోధకురాలు 1980ల్లో ఆ పెంకుల మీదే పరిశోధన చేసింది. 2010లో బెంగళూరులోని ఉన్నత అధ్యయన సంస్థ నియాస్, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఆదిలాబాద్, కరీంనగర్, నిజామాబాద్, వరంగల్ జిల్లాలు తిరిగి ఇనుము, ఉక్కు తీసిన చోట్లను నమోదు చేశాయి. హైదరాబాద్ చరిత్రకారుడు జైకిషన్ ఉత్తర తెలంగాణ ఇనుము, ఉక్కు పరిశ్రమ మీద ఒక పుస్తకమే రాశారు.

ఇక అమెరికా. బాబ్ లవ్‌లెస్ 1950ల మొదట్లో న్యూయార్క్ దుకాణంలో రాండాల్ అనే తయారీదారు కత్తి కొనబోయాడు. చాలాకాలం ఆగాలన్నారు. ఆయన పాత ప్యాకార్డ్ కారు స్ప్రింగు తీసుకుని, తను పనిచేసే ఓడ వంటగది పొయ్యి మీద కాల్చి, ఆ కత్తిని చూసి తనొకటి చేసుకున్నాడు. మన కమాన్‌పట్టీ కొడవలికీ ఆ మొదటి కత్తికీ తేడా సముద్రమే. తర్వాత ఆయన రూపొందించిన వేట కత్తి, వెన్ను కాస్త కిందికి వాలి మొనలో కలిసేది, ప్రపంచంలో అన్నిటికన్నా ఎక్కువమంది దింపుకున్న కత్తుల్లో ఒకటైంది. ఆయన గోల చేయకపోగా 1977లో కత్తులు ఎలా చేయాలో రిచర్డ్ బార్నీతో కలిసి పుస్తకం రాశాడు. 1970లో పుట్టిన కత్తులవాళ్ల గిల్డులో ఆయన ముఖ్యుడు. విలియం మొరాన్ 1973లో ఆ గిల్డు ప్రదర్శనకు ఇనుము, ఉక్కు పొరలు మడిచి కొట్టిన కత్తులు తెచ్చాడు. వాటిని డమాస్కస్ అన్నాడు. ఆ పద్ధతిని దాచుకోకుండా అడిగినవాళ్లకల్లా నేర్పాడు. పద్ధతి పంచాడు సరే, పేరు మాత్రం ఆయనది కాదు. మడత ఉక్కుకూ మూస ఉక్కుకూ సంబంధం లేదు. ఇవాళ బజార్లో డమాస్కస్ అని దొరికేదంతా ఆ మడత ఉక్కే.

మడత కత్తుల్లో ఇదే తగవు ఇంకాస్త పదునెక్కింది. తెరిచిన అలుగును లోపలి పట్టీతో బిగించే తాళాన్ని మైకేల్ వాకర్ 1980 ప్రాంతంలో మెరుగుపరిచాడు. మూలం 1906 నాటి పేటెంటులోనే ఉంది కనుక యంత్రాంగాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, ఆయన తను పెట్టిన లైనర్‌లాక్ పేరును మాత్రం నమోదు చేయించుకున్నాడు. క్రిస్ రీవ్ తన సెబెంజా కత్తికి పిడి పలకనే తాళంగా మార్చాడు. పేటెంటు తీసుకోలేదు. దాంతో పెద్ద కంపెనీలన్నీ ఆ తాళం వేసుకున్నాయి. ఇవాళ చేతిపనివాళ్లు పాటించే మర్యాద ఈ అనుభవాల నుంచే వచ్చింది. నేర్చుకోవడానికి దింపుకో, ఇంట్లో వాడుకో, అమ్మేటప్పుడు ఎవరిదో చెప్పు, బతికున్న మనిషి కొత్తగా చేసిన రూపమైతే ముందు ఒక మాట అడుగు. చట్టానికి సంబంధం లేని మర్యాద ఇది. తప్పితే జైలు లేదు, తోటివాళ్లు మొహం చాటేస్తారు, అంతే.

1990ల మొదట్లో అయోవా స్టేట్ విశ్వవిద్యాలయ లోహశాస్త్రజ్ఞుడు జాన్ వెర్హోవెన్, ఫ్లోరిడాలో గుర్రాలకు నాడాలు కొట్టే ఆల్ఫ్రెడ్ పెండ్రే కలిసి హాజీ హుసేన్ దేశంవాళ్లు ఓడిపోయిన పని సాధించారు. ఖనిజంలో అణువంత వెనేడియం ఉంటేనే, సుత్తె కింద పదేపదే వేడెక్కి చల్లారినప్పుడు ఆ అలల గీతలు కుదురుతాయని తేల్చారు. ఇస్ఫహాన్ ఖనిజంలో అది లేకపోవడమే బహుశా హాజీ దేశంవాళ్ల కష్టం. వెర్హోవెన్, పెండ్రే ఆ తయారీ పద్ధతికి అమెరికా పేటెంటు తీసుకున్నారు. కోనసముద్రంలో తిత్తి ఊదినవాళ్ల వారసులకు ఆ కాగితం చూపిస్తే ఏమంటారో నాకు తెలియదు గానీ, నాకైతే మింగుడు పడలేదు. మరో వైపు చూస్తే, తమ రాతల్లో వాళ్లు ఈ ఉక్కు భారతదేశానిదని ప్రతిచోటా రాశారు. పేరు మింగలేదు. పేటెంటు గడువు తీరింది, రాతలు మిగిలాయి.

ఇవాళ మన దగ్గరికి ఆన్‌లైన్‌లో వచ్చే డమాస్కస్ కత్తుల్లో చాలా భాగం అమెరికా చేతిపనివాళ్ల రూపాలే. పాకిస్తాన్‌లోని వజీరాబాద్ లాంటి కత్తుల ఊళ్లలో గుట్టలుగా చేసేవి కొన్ని, లేజరుతో గీత గీసి పంపేవి కొన్ని. తెలుసుకోవడం కష్టం కాదు. అలుగు చివర ఒక చోట ఎమరీ కాగితంతో రుద్దితే గీతలు పోతాయి. సర్క్యూట్ బోర్డులు చెక్కే ఫెర్రిక్ క్లోరైడ్ కాస్త నీళ్లలో కలిపి పూస్తే, పొరలున్న ఉక్కులో అవే గీతలు మళ్లీ తేలతాయి. లేజరు గీతలు తేలవు.

మన చట్టం ఎక్కడ నిలబడుతుందో చూస్తే ఆసక్తిగా ఉంటుంది. 2000 నాటి డిజైన్ల చట్టం కింద కొత్త రూపాన్ని నమోదు చేస్తే పదేళ్లు, పొడిగిస్తే మరో అయిదేళ్లు రక్షణ ఉంటుంది. కానీ అది కొత్తదై ఉండాలి, అంతకుముందు లోకానికి తెలిసి ఉండకూడదు. కక్కుల కొడవలిని ఎవరూ తమ పేర నమోదు చేసుకోలేరు, అదే మేలు. తొమ్మిది అంగుళాల కన్నా పొడవో, రెండు అంగుళాల కన్నా వెడల్పో ఉండి, ఇంటి, పొలం, పరిశ్రమ పనికి కాని కత్తి ఆయుధ చట్టం కిందికి వస్తుంది, అది వేరే తలనొప్పి. కరీంనగర్ వెండి తీగ పనికి 2007లో, ఆదిలాబాద్ డోక్రా లోహపు పోతకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు రూపాన్ని కాపాడదు. ఉషేగావ్ ఓజ కళాకారుడి నెమలిని చూసి జైపూర్‌లో ఎవరైనా నెమలి పోత పోసుకోవచ్చు. దాన్ని ఆదిలాబాద్ డోక్రా అని అమ్మితేనే నేరం.

ఈ జిల్లాల్లో ఎవరైనా కుర్రాడు ఇప్పుడు ఆర్డరు మీద కత్తులు చేయాలనుకుంటే లవ్‌లెస్ వేట కత్తి రూపంతోనే మొదలుపెట్టనివ్వండి, అందరూ అక్కడే మొదలుపెట్టారు. అలుగుమీద తన ముద్ర కొట్టుకోవాలి, రసీదులో లవ్‌లెస్ నమూనా అని రాయాలి. పొరలు మడిచి కొట్టినదైతే మడత ఉక్కు అనాలి, కమాన్‌పట్టీదైతే కమాన్‌పట్టీ అనాలి. మూస ఉక్కు నిజంగా చేసిన రోజున కోనసముద్రం పేరు వాడుకుంటే అడ్డుపడేవాళ్లెవరూ లేరు.