దూలగొండి గింజ – కంపవాతపు మందు

దూలగొండి తీగె నెరుగని పల్లెవారు అరుదు. దాని కాయమీది నూగు ఒంటికి సోకినచో కలుగు దురద యెట్టిదో బడిపిల్లల కొంటెతనమునకు బలియైనవారిని అడుగవలెను! ఆ కాయలోని గింజయందు డోపా యను పదార్థము కలదని 1937లో మదరాసున దామోదరన్, రామస్వామి అను శాస్త్రజ్ఞులు దానిని వేరుచేసి చూపిరి. అంతకుముందు 1913లోనే బాసెల్ నగరమున గుగ్గెన్‌హైమ్ అను రసాయనజ్ఞుడు ఐరోపావారు తినెడి ఒక జాతి చిక్కుడునుండి దీనిని తీసి, తానే కొంత మ్రింగి, వాంతుల పాలయ్యెను. ఇది యే రోగమునకు మందో అప్పు డెవ్వరికిని తెలియదు.

రోగమును మాత్రము 1817లోనే లండను వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ వర్ణించియుండెను. ఆయన వ్రాసినది ఆరుగురినిగూర్చి. అందు కొందరు వీథిలో కనబడినవారే. ఊరకున్న చేయి వణకుట, నడుము వంగుట, అడుగులు ముందుకు తూలుచు త్వరపడుట ఆయన కంటబడిన లక్షణములు.

కారణము తేలుటకు మరి నూటనలుబదియేండ్లు పట్టినది. అందునను మన మొక్కయే తోడ్పడినది. సర్పగంధినుండి తీసిన రిసర్పిన్ మందును 1957లో స్వీడను దేశీయుడు కార్ల్‌సన్ కుందేళ్ళకిచ్చెను. అవి చెవులు వ్రేలవైచి కదలక మెదలక పడియుండెను. పిమ్మట డోపా నెక్కించగా లేచి తిరుగాడినవి! మెదడులో డోపా డోపమీనుగా మారును. కంపవాతరోగులై మరణించినవారి మెదళ్ళను వియన్నాలో పరీక్షించిన ఎహ్రింగర్, హోర్నికీవిచ్ 1960లో ఆ రహస్యమును బయటపెట్టిరి: కదలికల నదుపుచేయు లోపలి భాగమున డోపమీను మిక్కిలి తరిగియున్నది.

అయినచో డోపమీనునే ఇవ్వరాదా యందురేమో. రక్తమునుండి మెదడులోనికి అది చొరజాలదు, డోపా చొరగలదు. 1961లో వియన్నాలోనే బిర్క్‌మేయర్ దానిని నరముద్వారా ఎక్కించినపుడు, మంచముపై లేచి కూర్చుండలేనివారు నిలిచి నడచిరి. కాని ఆ శక్తి కొన్ని గంటలదే. 1967లో అమెరికాలో కోట్సియాస్ నోటిద్వారా కొద్దికొద్దిగా పెంచుచు, దినమునకు 16 గ్రాములవరకు ఇచ్చి, గుణము నిలుచునట్లు చేసెను. ఈ చరిత్రలో నేను మిక్కిలి మెచ్చునది ఆ ఓర్పునే. తరువాత కార్బిడోపా తోడుచేర్చగా, డోపా దారిలోనే మారిపోవుట తగ్గినది. మోతాదును, గుగ్గెన్‌హైమ్ పడిన వాంతులును తగ్గినవి.

రోగుల మెదడులోతున సన్నని తీగెలు అమర్చి విన్నవారికి మరొక సంగతి తెలిసినది. సెకనుకు 13 మొదలు 30 వరకు గల విద్యుత్తరంగముల లయ అచ్చట మితిమీరియుండును. మందు పట్టగానే ఆ లయ సడలి, కాలుసేతులకు చలనము తేలికయగును.

అయితే మందు రోగమును ఆపదు. కణములు నశించుచునే యుండును. కొన్నియేండ్లకు రెండు మోతాదుల నడుమ ఒడలు బిగియుట, మందు పనిచేయువేళ అవయవములు తమంత మెలికలు తిరుగుట పలువురిలో కనబడును. దూలగొండి పొడియందున్నదియు ఈ డోపాయే కనుక, మాత్రలతోపాటు దానిని వాడెడివారు ఆ సంగతి తమ వైద్యునికి ముందుగా చెప్పవలెను.