క్యోటో నగరపు వాడలు

జపాను దేశమున క్రీ. శ. 794 మొదలు 1869 వఱకు చక్రవర్తుల రాజధానిగా నెన్నఁబడిన క్యోటో నగరమును జూడఁబోవువారు దేవాలయములను, ఉద్యానములను, రాజమందిరమును జూచి మరలుదురు. అవి చూడఁదగినవే. కాని నగరము వెలసిన నాఁటి కట్టడ మొక్కటియు నందు మిగిలి యుండలేదు. లోనగరమునఁ గల కట్టడములలో మిగులఁ బురాతనమగు సెన్బోన్ షకాదో యను బుద్ధాలయము 1227-వ సంవత్సరమున నిర్మింపఁబడినది. నేఁటి రాజమందిరము 1855 లోనిది. మొదటి రాజప్రాసాదము నిలిచిన చోటు వేఱు. అగ్నియు యుద్ధమును పెక్కుమాఱు లీ నగరమును నేలమట్టము గావించినవి. కట్టడములు పోయినను నగర మదియే యని జనులు చెప్పుట దేని నాధారముగాఁ గొని? ఈ ప్రశ్నకు సమాధానము దేవాలయములయందుఁ గాక వాడలయందు దొరకును. వాడల పేళ్లును, వాడవారి కట్టుబాటులును ఈ నగరచరిత్రమునకు ముఖ్యసాక్షులు.

కన్ము చక్రవర్తి యీ పట్టణమును జీనాదేశపు చాంగాన్ నగరము ననుసరించి చదరపుగళ్ల కూర్పున నిర్మింపించెను. ఉత్తరదక్షిణముల దాని పొడవు 5.2 కిలోమీటర్లు, తూర్పుపడమరల వెడల్పు 4.5 కిలోమీటర్లు. ఉత్తరపుకొన రాజప్రాసాదము, దక్షిణపుకొన రాజోమోన్ అను మహాద్వారము, రెంటి నడుమ సుమారు 84 మీటర్ల వెడల్పు గల సుజాకు రాజవీథి యుండెను. చక్రవర్తి దక్షిణాభిముఖుఁడై కూర్చుండును గావున నాతని యెడమచేతివంక నున్న తూర్పుభాగమునకు సాక్యో, అనఁగా నెడమరాజధాని యనియు, పడమటిభాగమునకు ఊక్యో, అనఁగాఁ గుడిరాజధాని యనియుఁ బేళ్లు గలిగెను. సంస్కృతమున దిక్కుల పేళ్లు ప్రాఙ్ముఖుఁడై నిలిచినవానినిబట్టి యేర్పడినవి. ముందున్నది ప్రాచి, కుడివైపుది దక్షిణ, వెనుకది పశ్చిమ. అచట దిక్కులకు సూర్యుఁడు ప్రమాణము. ఇచట సింహాసనము ప్రమాణము. నేఁటి పటము చేతఁబట్టిన యాత్రికునకు ఎడమరాజధాని కుడివైపునఁ గన్పట్టుటకుఁ గారణ మిదియే.

పటముమీఁది యీ సమత నేలమీఁద నిలువలేదు. పడమటిభాగము తేమగల పల్లపునేల. యోషిషిగే నో యసుతానే 982-లో రచించిన చితేఇకి యను గ్రంథమున ఆ భాగము నిర్జనమగుటయు, తూర్పుభాగమున జనులు క్రిక్కిఱియుటయు వర్ణింపఁబడినవి. చీనారాజధానుల పేళ్లను బట్టి పడమటిభాగమును చాంగాన్ అనియు, తూర్పుభాగమును లోయాంగ్ అనియు వ్యవహరించెడివారు. చాంగాన్ పాడువడఁగా లోయాంగ్ పేరే నగరమున కంతకును నిలిచెను. ఆ పేరు జపనీయుల నోట 'రకుయో' యగును. అందలి మొదటియక్షరముతోనే నగరాంతర్భాగమును 'రకుచూ' అనియు, బహిర్భాగమును 'రకుగై' అనియు నేఁటికిని జెప్పుదురు. చాంగానునకుఁ బ్రతిబింబముగాఁ గట్టిన పట్టణము లోయాంగ్ పేరఁ బరగుట వింతగాఁ దోఁచును గాని, జనులు నివసించినచోటి పేరే నిలుచు ననుట కిది నిదర్శనము.

రాజోమోన్ ద్వారము 980-లో గాలివానకుఁ గూలి మఱలఁ గట్టఁబడలేదు. ఆ చోట నేఁడు పిల్ల లాడుకొను చిన్న స్థలమును, ఒక శిలాస్తంభమును గలవు. ప్రాసాదమునందలి మహాసభామండపము 1177-లో దగ్ధమై యంతటితో ముగిసెను. ద్వారమున కిరువంకల నుండిన రెండాలయములలో పడమటిదగు సాయిజి యంతరించెను. తూర్పుదగు తోజి మాత్రము 823-లో కూకాయ్ ఆచార్యున కొసఁగఁబడి నేఁటికిని నిలిచియున్నది. చీనాకుఁ బోయి సంస్కృత మభ్యసించి, మన బ్రాహ్మీలిపిసంతతిలోని సిద్ధంలిపిని స్వదేశమునఁ బ్రతిష్ఠించినవాఁ డాతఁడే. రాజు కట్టించినవానిలో, అనుష్ఠించువారు గలది నిలిచెను, లేనిది పోయెను.

రాజధాని యనుభవించిన యాపదలలో ఓనిన్ యుద్ధము (1467-1477) మిగుల ఘోరమైనది. క్యోటోలోని ప్రాఁతకాఁపులు 'కడపటి యుద్ధ'మన్నచో నదియే యని పరిహాసముగాఁ జెప్పుకొందురు. రెండుపక్షముల సేనలు నగరములోనే మోహరింపఁగా వీథులు బూడిదయయ్యెను. ఎగువ నొక తునుకయు, దిగువ నొక తునుకయు మాత్రము మిగిలి, కందకములు త్రవ్వుకొని బ్రదికినవి. పడమటిపక్షపు నాయకుఁడు యమనా సోజెన్ విడిసిన తావునకు నిషిజిన్, అనఁగా పడమటి శిబిరమని పేరు. యుద్ధము ముగియఁగానే పరదేశములకుఁ బాఱిపోయిన సాలెలు మరలివచ్చి యచట మగ్గములు నెలకొల్పిరి. సేనానివేశపు పేరు పట్టువస్త్రములకుఁ బేరయ్యెను. 1869-లో రాజధాని టోక్యోకుఁ దరలఁగా కొనువారు తగ్గి నిషిజిన్ మఱల నాపదలోఁ బడెను. అంత 1872-లో మువ్వురు ఫ్రాన్సు దేశపు లియోన్ నగరమునకుఁ బంపఁబడి జకార్డు మగ్గపు విద్య నేర్చిరి. వారిలో యోషిదా చూషిచి యనునాతఁడు మరలివచ్చుచు 1874-లో నోడ మునుఁగఁగా మరణించెను. మగ్గములు మాత్రము నిషిజిన్ చేరినవి.

నామవిచారము చేయువారికి గియోన్ వాడ మఱింత యుపకారి. కామొ నదికిఁ దూర్పున నున్న యీ పేట వినోదశాలలకుఁ బ్రసిద్ధి గాంచినది. కాని పేరు మన దేశమునుండి పోయినది. జేతకుమారుని వనమున అనాథపిండదుఁడు బుద్ధునకు సమర్పించిన యారామమును చీనావా రాఱక్షరముల దీర్ఘసమాసముగా భాషాంతరీకరించిరి. అందు మొదటియక్షరము 'జేత' శబ్దపు ధ్వని ననుకరించును. తుదియక్షరమునకుఁ దోఁట యని యర్థము. నడిమి యక్షరములు విడిచి మొదటిదానినిఁ దుదిదానినిఁ గూర్పఁగా జపనీయుల నోట 'గియోన్' అయినది. ఆద్యంతవర్ణములచే సముదాయమును గ్రహించు పాణినీయ ప్రత్యాహార మిచట స్మరణకు వచ్చును. జేతవనమునకు రక్షకుఁడని నమ్మఁబడిన గోశీర్షదేవత యాలయ మచట నుండుటచే నా పేరు గలిగెను. 1868-లో ప్రభుత్వమువారు బౌద్ధమును షింతోమతమును వేఱుపఱచినపుడు ఆలయమునకు యసాకా యని పేరు మార్చిరి. ఆలయపు పేరు మాఱెను. వాడ పేరును, ఉత్సవపు పేరును మాఱలేదు.

ఆ యుత్సవ మనఁగా జూలై నెలలో జరుగు గియోన్ ఉత్సవము. 869-లో మహామారి ప్రబలినపుడు దేశమునందలి 66 మండలములకు 66 శూలముల నెత్తి శాంతి గావించుటతో నిది యారంభమయ్యె నని సంప్రదాయము. ఓనిన్ యుద్ధముచే నాఁగిపోయి 1500-లో మఱల సాఁగెను. ఇందలి రథములు గియోన్ వాడలోనివి కావు. నదికిఁ బడమర నున్న వర్తకుల వాడలవి. ఒక్కొక్క రథ మొక్కొక్క వాడ సొత్తు. ఇప్పుడు 34 గలవు. వాని నలంకరించు వస్త్రములలో 16-వ శతాబ్దపు బెల్జియము చిత్రపటములును, మన దక్కను నేతలని పండితు లూహించిన తివాసులును గలవు. 1864-లో నగరము దగ్ధమైనపుడు ఓఫునే యను నౌకారథము కాలిపోయెను. వాడవారు దక్కిన విగ్రహములను, వస్త్రములను నూటయేఁబదియేండ్లు భద్రపఱచి, 2014-లో మఱల రథమును గట్టి యూరేగించిరి. ఆ నడుమ వారికి రథము లేదు. రథముగల వాడ యను పేరు మాత్రము గలదు. ఆ పేరే రథమును దిరిగి తెచ్చెను.

ఇంక వాడ యనునది క్యోటోలో నెట్టిదో తెలియవలయును. నాలుగువీథుల నడుమ నుండు చదర మొక వాడ గాదు. ఒక వీథి కిరువంకల నెదురెదురుగా నున్న యిండ్లు కలసి యొక వాడ యగును. వీథి వారిని విడఁదీయదు, కలుపును. మధ్యయుగమున కావలి, అగ్నిరక్షణము, తగవుల పరిష్కారము వాడవారే నెఱపిరి. వీథికొనల ద్వారములను రాత్రి మూసెడివారు. చిరునామాలయందును ఈ వీథిప్రాధాన్యమే కనఁబడును. రెండువీథులు కలియు కూడలిని జెప్పి, అచటినుండి ఉత్తరమునకుఁ బోవలసినచో 'అగరు' (ఎక్కుము), దక్షిణమునకైనచో 'సగరు' (దిగుము), తూర్పుపడమరలకైనచో 'ఇరు' (చొరుము) అని చేర్చుదురు. ప్రాసాద ముత్తరమున నుండుటచే నది యెగువ. నేలయు దక్షిణమునకు వాలియున్నది. చిరునామాలో నామపదములే గాక క్రియాపదమును జేరుట గమనింపఁదగినది. అది చోటును జెప్పుటయే గాక నడకను జెప్పుచున్నది.

ఐనను పేళ్లను విమర్శ లేక నమ్మరాదు. నేఁటి గోజో వంతెనయొద్ద వీరుఁడు బెంకేయ్, బాలుఁడగు ఉషివకా ఎదిరినట్లు చూపు ప్రతిమలు గలవు. కాని హిదెయోషి 16-వ శతాబ్దపు తుది భాగమునఁ దాను నిర్మింపించిన మహాబుద్ధాలయమునకు దారిగా వంతెనను దక్షిణమునకు జరిపించెను. గోజో యను పేరును దానితోఁ బోయెను. ప్రాఁత గోజో వీథి నేఁటి మత్సుబరా వీథియే. ప్రభువు పేరును గదల్పఁగలఁడు. కావున పేరు సాక్షియే గాని తీర్పు గాదు. వీథుల వెడల్పును దీనివలెనే మోసగించును. గోజో, ఓఇకే, హొరికావా వీథుల విశాలతను జూచి ప్రాచీనరాజవీథులని భ్రమపడుదురు. 1945-లో వైమానికదాడుల భయముచే, నిప్పు వ్యాపింపకుండుటకై, ప్రభుత్వమువా రాయాచోట్ల నిండ్లు పడఁగొట్టించుటచే నవి యంత వెడల్పయినవి. క్యోటో యితరనగరములవలె దగ్ధము గాలేదు; నిషిజినును ఉమామాచియు బాంబుల పాలయ్యెను గాని నగరము నిలిచెను. ఐనను ఆ వీథులలోని వాడ లనేకము లొకప్రక్కను గోలుపోయినవి. ఎదురింటివాఁడు లేని వాడ వాడ యగునా?

వాడల బలమునకు శ్రేష్ఠమగు నిదర్శనము విద్యావిషయమునఁ గలదు. చక్రవర్తి తరలిపోయిన 1869-వ సంవత్సరముననే, నగరము క్షీణించు నని యందఱు భయపడుచుండఁగా, వాడల సముదాయములు 64 పాఠశాలలను దెఱచినవి. దేశమునకంతకు విద్యాశాసనము వచ్చినది 1872-లో. క్యోటో మూఁడేండ్లు ముందు. బిడ్డలున్నను లేకున్నను, పొయ్యిగల ప్రతి గృహమును ద్రవ్య మీవలసియుండెను. దానిని 'పొయ్యిసొమ్ము' అను నర్థముగల పేరఁ బిలిచిరి. ఆ బడి బాలురకే గాక వాడలకు సభాస్థలమును, అగ్నిని గనిపెట్టు గోపురమును నయ్యెను. లోనగరమున బాలురు తగ్గఁగా నిటీవలఁ బెక్కు బడులు మూయఁబడినవి. ఐనను వానిని బడఁగొట్టక, మేఇరిన్ బడిని 2000-లోఁ గళాకేంద్రముగాను, తత్సుఇకే బడిని 2006-లోఁ జిత్రకథల ప్రదర్శనశాలగాను మార్చిరి. యాత్రికులు వానిని జూచునపుడు, అవి పొయ్యిసొమ్ముతోఁ బుట్టిన సంస్థలకు వారసులని తలంచుట యుచితము.

నేఁడు క్యోటో వాడల కాపద యుద్ధమువలనఁ గాదు. మాచియా యని పిలువఁబడు కొయ్యయిండ్లు 2016 నాఁటి నగరగణనమున సుమారు 40,000 గా లెక్కింపఁబడినవి. అంతకు ముందటి యేడేండ్లలో 5,000 లకు మించి పోయినవి. కొన్ని కూలఁగొట్టఁబడినవి, కొన్ని యాత్రికుల బసలయినవి. ఇండ్లు పోవుట యీ నగరమునకుఁ గ్రొత్త గాదు. 1788-లోను 1864-లోను నింతకుఁ బెక్కురెట్లు కాలిపోయినను వాడవారు తిరిగివచ్చి కట్టుకొనిరి. ఇప్పటి భేద మేమన, అపుడు ఇల్లు పోయెను, కాఁపురస్థుఁడు నిలిచెను. ఇపుడు ఇల్లు నిలిచినచోటఁ గూడఁ గాఁపురస్థుఁడు మాఱుచున్నాఁడు. రాత్రి యొకనికిని మఱునాఁటిరాత్రి యొకనికిని బసయగు నింట రథపు త్రాడు పట్టువాఁ డెవ్వఁడు? సుజాకు రాజవీథి యంతరించిన విధము దీనికి దృష్టాంతము. దానిని రాజు కట్టించెను, జనులు తమదని తలంపలేదు. కావున 84 మీటర్ల వెడల్పుగల వీథి కొక శిలాస్తంభము మిగిలెను. నిషిజిన్, గియోన్ పేళ్లు నేఁటికిని బలుకఁబడుచున్న వన్నచో, ప్రతితరమునను వానికి బదులు పలుకువా రుండుటచేతనే. క్యోటోను జూడఁబోవువారు ఆలయగోపురములను జూచినపిమ్మట నొక చిన్న వీథిలో నిలిచి, ఇరువంకల నింటిముంగిళ్లు తుడుచుకొను వృద్ధులను గూడఁ జూడవలయును. పండ్రెండువందలయేండ్ల నగర మచ్చటఁ గలదు.