కాసెట్‌లో దాగిన నుస్ఖా

ఉర్దూలో హాఫిజా అంటే జ్ఞాపకశక్తి. మా ఉర్దూ మీడియం స్కూల్లో సబక్ యాదికి రాని పిల్లల హాఫిజా కమ్‌జోర్ అని ఉస్తాద్ తేల్చేసేవారు. కంప్యూటర్ వాళ్లు మెమరీ అనేదానికి ఇంతకంటే మంచి మాట నాకింకా దొరకలేదు.

తొంభైలలో దుబాయ్ నుంచో జిద్దా నుంచో వచ్చిన మామూల సూట్‌కేసుల్లో అత్తరు సీసాల పక్కన టీవీ గేమ్ ఉండేది, గుర్తుందా? దాని కాసెట్ విప్పితే చిప్ కనిపించేది కాదు. బోర్డు మీద నల్లటి గట్టి బొట్టు మాత్రమే ఉండేది. అది పక్కా నక్లీ మాల్. దాన్ని మార్చడానికి మెకానిక్ చేతికి ఏమీ చిక్కదు. అస్లీ కాసెట్ల కథ వేరు.

మార్చుకునే కాసెట్లతో వచ్చిన మొదటి గేమ్ యంత్రం 1976 నాటి ఫెయిర్‌చైల్డ్ చానల్ ఎఫ్. దాని వెనక ఉన్నది జెర్రీ లాసన్ అనే నల్లజాతి ఇంజనీర్. నింటెండో 1983లో జపాన్‌లో ఫామికామ్‌ను, 1985లో అమెరికాలో ఎన్ఈఎస్‌ను తెచ్చింది. ఈ కాసెట్లలో ఉండేది మాస్క్ రోమ్. గేమ్ మొత్తం ఫ్యాక్టరీలోనే చిప్‌లో అచ్చయిపోతుంది. మళ్లీ ఒక్క నుక్తా కూడా మార్చలేం. పాత లిథో ప్రెస్సులో అచ్చయిన కితాబు లాంటిదన్నమాట.

చెరిపి రాసుకునే తఖ్తీ లాంటి చిప్ కూడా ఉంది. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ కనిపెట్టిన ఈప్రోమ్ అది. దాని నెత్తిన చిన్న గాజు కిటికీ ఉంటుంది. అందులోంచి అతినీలలోహిత కిరణాలు కొంతసేపు పడితే రాసిందంతా చెరిగిపోతుంది. అందుకే కిటికీ మీద స్టిక్కర్ అంటిస్తారు.

మరి మాస్క్ రోమ్ పీకేసి ఆ స్థానంలో ఈప్రోమ్ పెడితే సరిపోదా? సరిపోదు. 128 కిలోబైట్ల గేమే తీసుకోండి. నింటెండో చాలా బోర్డుల్లో దానికి 28 కాళ్ల చిప్ పెట్టింది. బజార్లో దొరికే 27సీ010 ఈప్రోమ్‌కేమో 32 కాళ్లు. కింది 28 కాళ్లు రంధ్రాల్లోకి వెళ్తాయి, పై నాలుగు బయట నిలబడతాయి. లోపలికి వెళ్లినవాటిలో గొడవంతా ఒక్క 24వ కాలు దగ్గరే. ఆ రంధ్రంలోకి బోర్డు పంపేది ఏ16 అనే చిరునామా తీగ. ఈప్రోమ్‌లో ఆ కాలికున్న పని వేరు, డేటాను బయటికి వదిలే ఇజాజత్ ఇవ్వడం. కాబట్టి 24వ కాలు పైకి వంచి గ్రౌండుకి కలపాలి. బయట మిగిలిన 2వ కాలి నుంచి ఆ రంధ్రానికి సన్నని వైరు వేయాలి. 1, 31, 32 కాళ్లకు 5 వోల్టులు ఇవ్వాలి. అంతే. చూడ్డానికి కుట్టు విప్పి మళ్లీ కుట్టిన షేర్వానీలా ఉంటుంది గానీ, గేమ్ నడుస్తుంది.

ఇంత తక్లీఫ్ పడేకంటే కొత్త బోర్డే చేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. అడ్డం పడింది తాళం. అమెరికా ఎన్ఈఎస్ కాసెట్‌లో 10ఎన్ఈఎస్ అనే తాళపు చిప్ ఉంటుంది. యంత్రంలోని జోడీ చిప్ దాన్ని గుర్తుపట్టకపోతే గేమ్ మొదలు కాదు. జపాన్ ఫామికామ్‌కి ఈ తాళం లేదు. ఆ చిప్ రహస్యం కోసం అటారీ గేమ్స్ కంపెనీ అమెరికా కాపీరైట్ ఆఫీసుకు అబద్ధం చెప్పి ప్రోగ్రామ్ నకలు తెచ్చుకుంది. 1992లో అప్పీల్ కోర్టు నింటెండో వైపే నిలిచింది. అందుకే చాలా ఏళ్లు షౌఖీన్‌లకు ఒకటే దారి మిగిలింది. ఎవరికీ పట్టని చవక కాసెట్ కొనడం, తాళం, బోర్డు ఉంచి హాఫిజా మాత్రం మార్చడం. ఒక గేమ్ బతకాలంటే ఇంకో గేమ్ ఖుర్బానీ అన్నమాట. ఇది నాకు పూర్తిగా మింగుడుపడదు. చవక మాల్ కూడా ఒకనాటికి అపురూపమవుతుంది. తాళానికి బదులు చిప్‌లు తయారయ్యాక కొత్త బోర్డులు వచ్చాయి, ఆ పాపం కాస్త తగ్గింది.

ఇంకో రకం వాళ్లున్నారు. 3.3 వోల్టుల చవక ఫ్లాష్ చిప్‌ను నేరుగా 5 వోల్టుల బోర్డుకు అతికించి, పైన లేబుల్ వేసి అస్లీ అని అమ్మేస్తారు. అది కొన్నాళ్లు ఆడుతుంది. కానీ లోపల చిప్ మీద, యంత్రం మీద జులుం జరుగుతూనే ఉంటుంది.

ఈ హునర్ దేనికి పనికొచ్చిందంటే నేను చెప్పేది ఒక్క మిసాల్. షిగెసాతో ఇతోయి రాసిన 'మదర్' గేమ్ 1989లో జపాన్‌లో వచ్చింది. అమెరికా కోసం ఇంగ్లీషు అనువాదం 1990లో పూర్తయింది, కానీ కంపెనీ విడుదల చేయలేదు. 1998లో ఒక నమూనా కార్ట్రిడ్జ్ బయటపడింది. అభిమానులు దానిలోని డేటాను చదివి నకలు తీసి అందరికీ పంచారు. దాన్ని చిప్‌లలో రాసుకుని, పాత బోర్డులకు వైర్లు వేసి, ఎన్నడూ దుకాణానికి రాని కాసెట్‌ను తమ చేతులతో చేసుకున్నవాళ్లు ఎందరో. చట్టం ఖాతాలో అది తప్పే. కానీ ఆ తర్జుమా చేసినవాళ్ల మెహనత్ జనానికి చేరింది ఆ నకళ్ల వల్లే. నింటెండో దాన్ని స్వయంగా విడుదల చేసింది 2015 జూన్‌లో. అప్పటికి ఆ నుస్ఖా 17 ఏళ్లుగా చేతులు మారుతూనే ఉంది.