కీలెరిగి కట్టిన కట్టు

"కీలెరిగి వాత పెట్టవలెను" అను సామెత మన పల్లెలలో నేటికిని వినబడుచున్నది. పనిలోని మర్మము తెలిసికొని చేయవలెనను అర్థమున దానిని వాడుచున్నాము. ఆ మాట వెనుక ఒక పాత వైద్యము దాగియున్నది. కీళ్ళు నొచ్చినపుడు ఇనుపకడ్డీ కాల్చి వాతలు పెట్టుట ఒకప్పుడు ఊరూర నుండెను. వాత పోయినది, సామెత మిగిలినది. అది చెప్పు నీతి మాత్రము కీళ్ళ వైద్యచరిత్ర కంతటికిని సరిపోవును. కీలెరిగినవాడు కట్టిన కట్టు అవయవమును నిలుపును. ఎరుగనివాడు కట్టినది దానిని చెరచును.

మన పాలకుర్తి ప్రాంతము సోమనాథుని పేర వాఙ్మయమున ప్రసిద్ధి కెక్కినది. కాని ఇచటి జనులలో అధికులు కాయకష్టము మీద బ్రతుకువారు. నాగలి పట్టువారికి, మగ్గము నేయువారికి, తాటిచెట్టెక్కు గీతకార్మికులకు కీళ్ళే పెట్టుబడి. మోకు జారి చెట్టు మీదినుండి పడినవాని భుజము తప్పవచ్చును, మోచేయి విరుగవచ్చును, వెన్ను దెబ్బతినవచ్చును. 2024లో తెలంగాణ ప్రభుత్వము "కాటమయ్య రక్ష" పేర గీతకార్మికులకు రక్షణ సామగ్రి నిచ్చుట కారంభించినది. పడకుండ చూచుకొనుట మొదటి వైద్యము. పడిన తరువాత ఏమి చేయవలెనన్నది రెండవది. దాని చరిత్ర చాల పాతది.

సుశ్రుతసంహితలో విరిగిన ఎముకలకు, తప్పిన కీళ్ళకు ప్రత్యేకాధ్యాయములు గలవు. అందు కీలు తప్పుట ఆరు విధములనియు, ఎముక విరుగుట పండ్రెండు విధములనియు విభజించిరి. చికిత్సకు క్రమము చెప్పిరి: లాగుట, ఒత్తుట, స్వస్థానమునకు చేర్చుట, కట్టుట. మేడి, రావి, మద్ది మొదలగు చెట్ల పట్టలను, వెదురు బద్దలను కట్టుకు వాడవలెననిరి. చలికాలమున ఏడు దినముల కొకసారియు, వేసవిలో మూడు దినముల కొకసారియు కట్టు మార్చవలెననిరి. బాల్యమున నెలలో కుదురు కీలు నడివయసున రెండు నెలలకు, ముదిమిలో మూడు నెలలకు కుదురుననిరి. అన్నిటికంటె ముఖ్యమైన మాట మరియొకటి గలదు. కట్టు వదులైనచో కీలు నిలువదు. మిక్కిలి బిగువైనచో వాపు, నొప్పి, చర్మము చీము పట్టుట కలుగును. ఈ హెచ్చరిక ఎంత విలువైనదో ముందు చూతము.

తెలుగునాట ఈ విద్య కొన్ని కుటుంబములలో పరంపరగా నిలిచినది. వానిలో పేరు పొందినది పుత్తూరు కట్టు. రాయలసీమలోని పుత్తూరు దగ్గర 1881లో కేశవరాజు దీనిని ప్రారంభించెనని ప్రతీతి. ఆకుపసరు, కోడిగ్రుడ్డు సొన, మినుపపిండి, వెదురు బద్దలు, గుడ్డ, ఇవి అందలి ప్రధాన సామగ్రి. రైలు దిగి పుత్తూరు దారి పట్టినవారు నలుమూలల రాష్ట్రములనుండి వచ్చిరి. ఆసుపత్రులు దూరమై, ధనము కొరవడిన కాలమున ఈ కట్టువారు పేదలకు చేసిన మేలు మరువరానిది.

అదే 1881లో జర్మనీలోని హాల్లే నగరమునందు ఫోల్క్‌మన్ అను శస్త్రవైద్యుడు ఒక వ్యాసము ప్రకటించెను. బిగువుగా కట్టిన కట్ల వలన చేతి కండరములకు రక్తము చాలక అవి చచ్చి, వ్రేళ్ళు కొంకర్లు పోవుచున్నవని ఆయన నిరూపించెను. ఈ వికలాంగత్వమునకు నేటికిని ఆయన పేరే గలదు. ముఖ్యముగా మోచేయి పైభాగమున ఎముక విరిగిన పిల్లలకు ఇది వచ్చు ప్రమాదమున్నది. అప్పటికి డచ్చి సైనిక వైద్యుడు మాథైసన్ 1852లో ప్రకటించిన సున్నపు పిండి కట్టు, అనగా ప్లాస్టరు, ఐరోపాలో వ్యాపించియున్నది. కనుక తప్పు నాటువైద్యునిదే యనుట సరికాదు. ఆసుపత్రిలో వేసిన ప్లాస్టరైనను లోపల వాపు పెరిగినచో అపాయమే. సుశ్రుతసంహిత చెప్పిన బిగువు మాటయే ఐరోపాలో మరల ఋజువైనది.

కట్టువారిని చిన్నచూపు చూడరాదనుటకు మరియొక నిదర్శనము గలదు. ఇంగ్లండులోని లివర్‌పూలు నగరమున వైద్యము చేసిన హ్యూ ఓవెన్ థామస్ వేల్సు దేశపు ఎముకలు కట్టువారి వంశమున జన్మించెను. తండ్రి కట్టువాడే. కుమారుడు వైద్యకళాశాలలో చదివి, కులవిద్యను శాస్త్రముతో జోడించెను. ఆయన రూపొందించిన బద్ద మొదటి ప్రపంచ యుద్ధమున తొడ యెముక విరిగిన సైనికుల ప్రాణములను అనేకముగా కాపాడినది. వంశవిద్యకు పరీక్ష, చదువు తోడైనపుడు అది లోకోపకారమగును.

ఆ పరీక్షకు కన్ను నిచ్చినది 1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్సురే. అంతవరకు వైద్యుడు చేతి స్పర్శతో ఊహించెడివాడు. తప్పిన భుజమును చేర్చుటకు కోఖర్ 1870లో ఒక పద్ధతి చెప్పియుండెను. కాని కీలుతోపాటు ఎముక కూడ విరిగినదా అన్నది ఎక్సురే వచ్చిన తరువాతనే స్పష్టముగా తెలియసాగెను. విరిగిన ఎముకను కీలు తప్పినదనుకొని లాగుట ఎంత హానియో చెప్పనక్కరలేదు. పిమ్మట శస్త్రచికిత్స పెరిగినది. 1962లో ఇంగ్లండున చార్న్లీ అరిగిన తుంటికీలు స్థానమున కృత్రిమ కీలును విజయవంతముగా అమర్చెను. మన హైదరాబాదులో 1964లో నిజాం ఆర్థోపెడిక్ ఆసుపత్రి ప్రారంభమైనది. అదియే తరువాత నిమ్సుగా విస్తరించినది.

చేతికిని కత్తికిని లొంగని కీళ్ళరోగము కూడ మన పొరుగుననే యున్నది. నీటిలో ఫ్లోరైడు మితిమీరినచో ఏండ్ల తరబడి ఎముకలలో చేరి, కీళ్ళు బిగిసి, వెన్ను వంగిపోవును. మన దేశమున ఈ ఫ్లోరోసిస్ రోగమును 1937లో నెల్లూరు ప్రాంతమునుండి వైద్యులు వెల్లడించిరి. నల్లగొండ జిల్లాలోని స్థితి 1955లో వైద్యపత్రికకు ఎక్కినది. పటికయు సున్నమును కలిపి నీటిని శుద్ధి చేయు పద్ధతికి నల్లగొండ పేరే నిలిచినది. బిగిసిన కీళ్ళను మరల వదులు చేయు మందు లేదు. మంచినీరే దీనికి నివారణ.

ఈ చరిత్రను చదివి మన ఇండ్లలో గ్రహింపవలసినవి కొన్ని గలవు. కీలు బెణికినచో విశ్రాంతి నిచ్చి, గుడ్డలో చుట్టిన మంచుగడ్డతో చల్లదనము చూపి, అవయవమును ఎత్తుగా నుంచవలెను. తొలి రెండు మూడు దినములు గట్టిగా మర్దనము చేయరాదు. కీలు తప్పినదని తోచినచో ఎవరును లాగరాదు; ఉన్నదున్నట్లు ఆధారమిచ్చి ఎక్సురే యున్న చోటికి కొనిపోవలెను. చెట్టు మీదినుండి పడినవానిని కూర్చుండబెట్టక, మెడ, వెన్ను కదలకుండ బల్లపై చేర్చి మోయవలెను. కట్టు ఎవరు కట్టినను, నొప్పి తగ్గక పెరుగుచున్నను, వ్రేళ్ళు చాచినపుడు భరింపరాని బాధ కలిగినను, తిమ్మిరి పట్టినను, పాలిపోయినను తెల్లవారువరకు వేచియుండరాదు. కట్టు వెంటనే వదులు చేయించి, ఆసుపత్రికి పరుగెత్తవలెను. రక్తము చాలని కండరము కొలది గంటలలోనే చచ్చును. వృద్ధుల మోకాళ్ళ అరుగుదలకు తొడ కండరములను బలపరచు వ్యాయామము, బరువు తగ్గించుకొనుట మొదటి చికిత్సలు, శస్త్రము చివరిది.

ఈ సంగతులు వ్రాత చదువనేర్చినవారికే పరిమితము కారాదు. మన గ్రంథాలయమున పత్రిక చదివి వినిపించు సాయంకాలములలో, కట్టు బిగువు మాట ఒకసారి బిగ్గరగా చదివినచో ఒక బాలుని చేయి నిలువవచ్చును. ఇరువదియైదేండ్లుగా పుస్తకములు చేర్చిన చోటునకు అంతకు మించిన రజతోత్సవ ఫలము వేరుండదు.