తెరను తాకే వేలు, గాలిలో ఆడే చెయ్యి

రెండేళ్ళ పాప కూడా ఫోన్ తెరను వేలితో పక్కకు జరుపుతుంది. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు, మనల్ని చూసి పట్టేసింది. అంత సులువుగా అబ్బేట్టు వేలి కదలికలను అమర్చడం మాత్రం సులువు కాదు.

ఫోన్ తెర మన వేలిలోని విద్యుత్ లక్షణాన్ని బట్టి తాకిడిని గుర్తిస్తుంది. ఈ రకం తెర గురించి బ్రిటన్‌లో ఇ.ఏ. జాన్సన్ 1965లోనే రాశారు. దీనికి రెండు చిక్కులు. వేలు లావు, పైగా తాకాల్సిన బొమ్మనే అది కప్పేస్తుంది. అందుకే ఆండ్రాయిడ్‌లో ఒక్కో బటన్ సుమారు 9 మిల్లీమీటర్లు ఉండాలని చెబుతారు.

కళ్ళకు తగిలించుకునే వర్చువల్ రియాలిటీలో కథ వేరు. అక్కడ వేలితో తాకే తెర ఉండదు, చెయ్యి గాలిలో ఆడుతుంది. కాసేపు చేతులు చాపి పని చేసి చూడండి, భుజాలు లాగేస్తాయి. దీనికి ఇంగ్లీషువాళ్ళు 'గొరిల్లా చెయ్యి' అని పేరు పెట్టారు. ఇంకో తంటా ఏమంటే, తల గోక్కున్నా యంత్రం దాన్ని ఆజ్ఞ అనుకోవచ్చు. వాళ్ళు దీన్ని మిడాస్ రాజుతో పోలుస్తారు. నాకైతే తన తల మీద తానే చెయ్యి పెట్టుకున్న భస్మాసురుడు గుర్తొస్తాడు!

దీనికి దొరికిన ఉపాయం చిటికెడు ఉప్పు పట్టుకున్నట్టు బొటనవేలు, చూపుడువేలు కలపడం. కూచిపూడి నేర్చుకునే పిల్లలకు ఇది హంసాస్య ముద్రలాంటిదే. పొరపాటున పడే భంగిమ కాదు, పైగా వేలికి వేలు తగిలిన స్పర్శ మనకే తెలుస్తుంది. హోలోలెన్స్, క్వెస్ట్, 2024లో వచ్చిన యాపిల్ విజన్ ప్రో, అన్నిట్లోనూ ఇదే. విజన్ ప్రోలో అయితే కంటితో చూసి, చెయ్యి ఒళ్ళోనే పెట్టుకుని వేళ్ళు కలిపితే చాలు.

మన సత్యనారాయణపేట పిల్లలకు ఇది ఎందుకు ముఖ్యమంటే, బడిలో తెలుగు, వీధిలో కన్నడ, తెర మీద మాత్రం ఇంగ్లీషు. చదవకుండానే అర్థమయ్యే సైగ ఉంటే ఏ బిడ్డా వెనకపడదు. చేతులు సరిగ్గా కదపలేని పిల్లలకు మాటతోనో, చూపుతోనో అదే పని జరిగే దారి కూడా ఉండాలి. అది లేని డిజైన్ సగం డిజైనే.

తల్లిదండ్రులు హెడ్‌సెట్ కొనేముందు వయసు హద్దు చూసుకోండి. మెటా క్వెస్ట్‌కు 10 ఏళ్ళు, అదీ పెద్దల అజమాయిషీలోని ఖాతాతోనే. విజన్ ప్రోకు 13.

పిల్లలూ, హెడ్‌సెట్ లేకపోయినా ఇది చేసి చూడవచ్చు. కాగితం మీద ఒక ఆట తెర గీయండి. మీ అవ్వ చేతికిచ్చి, "ఇది ఎట్లా తెరుస్తావు?" అని మాత్రం అడగండి. ఏమీ చెప్పొద్దు. ఆమె వేలు మొదట ఎక్కడికి పోయిందో రాసుకుని, బటన్‌ను అక్కడికి మార్చండి.